కలిసి కొనాలా, విడిగా కొనాలా: తిరుపతి, చిత్తూరు సంస్థలకు సౌర, పవన విద్యుత్ ఎంపిక

సౌర విద్యుత్ కంపెనీ ప్రతినిధి వచ్చి కూర్చోగానే మన సంస్థల యాజమాన్యాలు అడిగే మొదటి ప్రశ్న ‘యూనిట్ ఎంతకు ఇస్తారు?’ అన్నదే. ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. అయితే నలుగురు కలిసి విద్యుత్ కొనాలని అనుకున్నప్పుడు దానికన్నా ముందు తేల్చుకోవలసిన విషయం మరొకటి ఉంది. మనం ఏ నెలలో, ఏ వేళలో, ఎన్ని యూనిట్లు వాడుతున్నాం, మన పక్కన వాటాదారుగా కూర్చోబోయే సంస్థ ఎప్పుడు ఎంత వాడుతోంది అన్నది తెలియకుండా ధర గురించి మాట్లాడితే, కాగితం మీద కనిపించిన ఆదా మార్చి నెలాఖరు లెక్కల్లో కనిపించకుండా పోతుంది. మామిడి గుజ్జు కర్మాగారాలు, గ్రానైట్ యూనిట్లు, పాల శీతలీకరణ కేంద్రాలు, ఇంజనీరింగ్ కళాశాలలు, ఆసుపత్రులు, యాత్రికులతో ఏడాది పొడవునా నిండి ఉండే హోటళ్లు ఒకే ప్రాంతంలో ఉన్న ఈ రెండు జిల్లాల్లో ఈ సంగతికి మరింత ప్రాధాన్యం ఉంది, ఎందుకంటే వీటిలో ఏ రెండింటి వాడకమూ ఒకే తీరుగా ఉండదు.

ఇప్పుడు అందుబాటులో ఉన్న మార్గాలను, వాటి వెనుక ఉన్న నిబంధనలతో కలిపి చూద్దాం.

అన్నిటికన్నా సులువైనది విద్యుత్ పంపిణీ సంస్థ (డిస్కం) నుంచే హరిత విద్యుత్ అడగడం. కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ 2022 జూన్‌లో ప్రకటించిన హరిత విద్యుత్ ఓపెన్ యాక్సెస్ నిబంధనల ప్రకారం, వినియోగదారు తన వాడకంలో 25 శాతం, 50 శాతం, 75 శాతం లేదా మొత్తం హరిత విద్యుత్తే కావాలని డిస్కంను కోరవచ్చు. కనీసం ఒక ఏడాది కాలానికి ఎంత కావాలో ముందే చెప్పాలి. దీనికి విద్యుత్ నియంత్రణ మండలి విడిగా టారిఫ్ నిర్ణయిస్తుంది. పెట్టుబడి లేదు, కొత్త మీటరు లేదు, తోడు వెతుక్కునే పని లేదు. బిల్లు తగ్గదు, పైగా కొంత పెరుగుతుంది. విదేశీ కొనుగోలుదారు ‘మీ ఉత్పత్తి ఏ విద్యుత్తుతో తయారైంది?’ అని అడిగే ఎగుమతి యూనిట్‌కు ఇది చాలు. ఖర్చు తగ్గించుకోవాలనుకునేవారికి దీనితో పని లేదు. పునరుత్పాదక ఇంధన ధ్రువపత్రాలు కొనడం కూడా ఈ కోవలోదే. ఒక ధ్రువపత్రం 1000 యూనిట్లకు సమానం, అది లెక్కల పుస్తకానికి ఉపయోగపడుతుంది తప్ప కరెంటు బిల్లును కదిలించదు.

రెండవది సొంత పైకప్పు. వినియోగదారుల హక్కుల నిబంధనలకు 2021లో వచ్చిన సవరణ ప్రకారం 500 కిలోవాట్లు లేదా మంజూరైన లోడు, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అంతవరకు నెట్ మీటరింగ్, అంటే మనం గ్రిడ్‌కు పంపిన యూనిట్లను మన వాడకంలోంచి తీసివేసే సదుపాయం, ఇవ్వాలి. కిలోవాట్‌కు సుమారు 100 చదరపు అడుగుల నీడలేని స్థలం కావాలి. ఇక్కడ వీలింగ్ (డిస్కం తీగల మీదుగా కరెంటు తెప్పించుకున్నందుకు కట్టే ఛార్జి) లేదు, దారిలో నష్టాలు లేవు, వాటాదారుల మధ్య పంచాయితీ లేదు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: పైకప్పు ఖాళీగా ఉంచుకుని గ్రూపులో చేరాలని తొందరపడే సంస్థ లెక్క సరిగా వేసుకోలేదన్నమాటే. పైకప్పు చాలకపోయినప్పుడు మాత్రమే మిగతా మార్గాల వైపు చూడడం మంచిది.

మూడవది ఓపెన్ యాక్సెస్‌లో మూడో పక్షం నుంచి కొనడం. అంటే ఎక్కడో అనంతపురం వైపో కర్నూలు వైపో ఉన్న సౌర లేదా పవన కేంద్రంతో ఒప్పందం చేసుకుని, ట్రాన్స్‌కో, డిస్కం తీగల మీదుగా ఆ విద్యుత్తును మన సర్వీసుకు తెప్పించుకోవడం. పూర్వం ఇందుకు కనీసం 1 మెగావాట్ లోడు ఉండవలసి వచ్చేది. 2022 నిబంధనలు ఆ పరిమితిని 100 కిలోవాట్లకు తగ్గించాయి. తర్వాతి సవరణ వల్ల ఒకే విద్యుత్ డివిజన్ పరిధిలో ఉన్న పలు కనెక్షన్లను కలిపి 100 కిలోవాట్లు చూపించే వీలు కూడా వచ్చింది. ఒకే ట్రస్టు కింద పాఠశాల, డిగ్రీ కళాశాల, వసతి గృహం విడివిడి సర్వీసులతో ఉన్నచోట ఈ వెసులుబాటు నిజంగా పనికొస్తుంది. పలు సంస్థలు కలిసి బేరమాడి, ఒప్పందాలు మాత్రం విడివిడిగా రాసుకునే పద్ధతి కూడా ఈ మార్గంలోనే సాధ్యమవుతుంది: బేరంలో అందరి బలం ఉంటుంది, బాధ్యత మాత్రం ఎవరిది వారిదే.

ఈ మార్గానికి ప్రధాన భారం క్రాస్ సబ్సిడీ సర్‌ఛార్జి. పరిశ్రమలు, వాణిజ్య సంస్థలు చెల్లించే ఎక్కువ టారిఫ్‌తో ఇతర వర్గాలకు ఇచ్చే రాయితీ కొంత నెట్టుకొస్తున్నందువల్ల, వెళ్లిపోయే వినియోగదారు ఆ లోటును పూడ్చాలన్నది దీని వెనుక తర్కం. 2016 టారిఫ్ విధానం ప్రకారం ఇది ఆ వర్గపు టారిఫ్‌లో 20 శాతాన్ని మించకూడదు. ఓపెన్ యాక్సెస్ మంజూరైన ఏడాది ఉన్న సర్‌ఛార్జిని 12 ఏళ్లలో 50 శాతానికి మించి పెంచరాదని 2022 నిబంధనలు హరిత విద్యుత్ కొనుగోలుదారులకు రక్షణ ఇచ్చాయి. డిస్కంకు స్థిర ఛార్జీలు కడుతున్నవారికి అదనపు సర్‌ఛార్జి వర్తించదని కూడా ఆ నిబంధనలు చెబుతున్నాయి.

నాలుగవది, ఈ వ్యాసంలో ఎక్కువ చోటు ఇవ్వవలసినది, గ్రూప్ క్యాప్టివ్. అంటే పలు సంస్థలు ఒక విద్యుత్ కేంద్రంలో వాటాలు పెట్టి, దాని కరెంటును తామే వాడుకోవడం.

వాటా పెట్టి కొనడం

2003 విద్యుత్ చట్టం ఎవరైనా తమ వాడకం కోసం విద్యుత్ కేంద్రం పెట్టుకోవచ్చని చెప్పింది. పలువురు కలిసి పెట్టుకున్నా అది సొంత కేంద్రమే అనిపించుకోవడానికి 2005 విద్యుత్ నిబంధనలలోని మూడవ నిబంధన రెండు షరతులు పెట్టింది. వాడుకునేవారందరికీ కలిపి ఓటు హక్కుతో కూడిన యాజమాన్యంలో కనీసం 26 శాతం ఉండాలి. ఏడాదిలో ఉత్పత్తి అయిన విద్యుత్తులో కనీసం 51 శాతాన్ని వారే వాడాలి. ఈ రెండూ నెరవేరితే క్రాస్ సబ్సిడీ సర్‌ఛార్జి ఉండదు. క్యాప్టివ్ వినియోగదారులపై అదనపు సర్‌ఛార్జి కూడా వేయరాదని 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. వీలింగ్, ట్రాన్స్‌మిషన్ ఛార్జీలు, దారి నష్టాలు మాత్రం తప్పవు.

పెట్టుబడి ఎంత అవుతుందో ఒక ఊహా లెక్కతో చూద్దాం. 3 మెగావాట్ల సౌర కేంద్రం అనుకుందాం. మెగావాట్‌కు నాలుగున్నర కోట్లని అంచనా వేసుకుంటే మొత్తం 13.5 కోట్లు. అందులో 70 శాతం బ్యాంకు రుణం, 30 శాతం మూలధనం అనుకుంటే మూలధనం 4.05 కోట్లు, దానిలో 26 శాతం అంటే సుమారు 1 కోటి 5 లక్షలు. ఇంత మొత్తం నలుగురైదుగురి మధ్య పంచుకుంటే ఏ ఒక్కరికీ మోయలేని బరువు కాదు, అందుకే ఈ పద్ధతి ఆకర్షణీయంగా కనిపిస్తుంది.

చిక్కు పలువురు కలిసినప్పుడు ఆ రెండింటికి తోడయ్యే మూడవ షరతులో ఉంది. కలిసి పెట్టుకున్నవారు ఎవరి వాటాకు తగినట్టు వారు వాడాలి, అందులో హెచ్చుతగ్గులు 10 శాతానికి మించకూడదు. ప్రత్యేక కంపెనీ పేరుతో కేంద్రం పెట్టినా ఈ దామాషా నియమం వర్తిస్తుందని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు తేల్చింది. అంతకుముందు ఈ విషయంలో ఉన్న సందిగ్ధాన్ని అడ్డం పెట్టుకుని ‘వాటా ఎలా ఉన్నా ఫరవాలేదు’ అని చెప్పిన ప్రతినిధుల మాట ఇప్పుడు చెల్లదు.

మన దగ్గరి పరిస్థితికి దీన్ని అన్వయించి చూద్దాం. చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు కర్మాగారం, తిరుపతి శివారులో ఒక ఇంజనీరింగ్ కళాశాల, మధ్యలో ఎక్కడో ఒక పాల శీతలీకరణ కేంద్రం కలిశాయనుకుందాం. గుజ్జు కర్మాగారం సీజన్‌లో కట్టే బిల్లు చూసి మిగతా ఇద్దరూ గౌరవంగా సగం వాటా, అంటే 13 శాతం, దానికే వదిలి చెరి ఆరున్నర శాతం తీసుకున్నారు. 3 మెగావాట్ల కేంద్రం ఏడాదికి సుమారు 48 లక్షల యూనిట్లు ఇస్తుంది. దామాషా ప్రకారం గుజ్జు కర్మాగారం అందులో 51 శాతంలో సగం, 25.5 శాతం, అంటే 12 లక్షల 24 వేల యూనిట్లు వాడుకోవాలి. 10 శాతం సడలింపు తీసేసినా 11 లక్షలకు తగ్గకూడదు.

ఆ కర్మాగారం గట్టిగా నడిచేది తోతాపురి కాయ దిగే జూన్ నుంచి ఆగస్టు వరకు. సౌర కేంద్రం నెలకు సగటున ఇచ్చేది 4 లక్షల యూనిట్లు. అంటే ఆ మూడు నెలల్లో కేంద్రం ఉత్పత్తి అంతా ఒక్క గుజ్జు కర్మాగారానికే మళ్లించినా 12 లక్షలు దాటదు. జూన్‌లో తెరుచుకున్న కళాశాలకు, రోజూ కంప్రెసర్లు ఆపకుండా నడిపే పాల కేంద్రానికి ఆ మూడు నెలలు చుక్క కరెంటు రాదు. మిగతా తొమ్మిది నెలలు కర్మాగారంలో కాపలాదారు గది దీపాలు, శీతల గిడ్డంగి తప్ప వాడకం ఉండదు. ఇక కాపు సరిగా రాని ఏడు సంగతి చెప్పనక్కరలేదు.

‘అప్పుడు మిగిలిన యూనిట్లు బ్యాంకింగ్‌లో, అంటే గ్రిడ్‌లో జమ చేసి, దాచుకోవచ్చు కదా’ అన్నది వెంటనే వచ్చే మాట. ఇక్కడే రెండు క్యాలెండర్లు ఢీకొంటాయి. క్యాప్టివ్ అర్హతను లెక్కించేది ఆర్థిక సంవత్సరం మొత్తానికి. కేంద్ర నిబంధనలు బ్యాంకింగ్‌కు హామీ ఇచ్చినది నెలవారీగా. డిస్కం నుంచి ఆ నెలలో వాడిన మొత్తంలో 30 శాతానికి తగ్గకుండా బ్యాంకింగ్ అనుమతించాలని అవి చెబుతున్నాయి. గడువు ముగిసేసరికి వాడుకోని యూనిట్లు రద్దవుతాయి, వాటికి బదులు ఉత్పత్తిదారుకు ధ్రువపత్రాలు వస్తాయి తప్ప మనకు యూనిట్లు రావు. మార్చి, ఏప్రిల్ ఎండల్లో పండిన కరెంటును జూన్ మామిడికి దాచుకోవడం ఇప్పటి పద్ధతిలో అయ్యే పని కాదు.

కాబట్టి వాటాను బిల్లు పరిమాణం చూసి పంచుకోకూడదు. పగటి వేళ, ఏడాది పొడవునా, ఏ నెలకు ఆ నెల ఎవరు ఎంత వాడగలరో చూసి పంచుకోవాలి. అదే గ్రూపులో ఒక ఆసుపత్రిని చేర్చుకుని పాల కేంద్రానికి 12, కళాశాలకు 8, ఆసుపత్రికి 4, గుజ్జు కర్మాగారానికి 2 శాతం ఇస్తే కథ మారిపోతుంది. కర్మాగారం వాడవలసింది ఏడాదికి లక్షా 88 వేల యూనిట్లకు దిగుతుంది, అది సీజన్‌లోనే తేలిగ్గా పూర్తవుతుంది. పాల కేంద్రం 11 లక్షల 30 వేలు వాడాలి, నెలకు 94 వేల చొప్పున. కంప్రెసర్లు సెలవు తీసుకోవు గనుక తగినంత పెద్ద పాల కేంద్రానికి ఇది కష్టం కాదు. కళాశాల విషయంలో మే సెలవులను, ఆదివారాలను గుర్తుంచుకోవాలి. సౌర ఉత్పత్తి బాగా ఉండే నెలలోనే తరగతి గదులు ఖాళీగా ఉంటాయి, ఆ లోటును పూడ్చగల సభ్యుడు గ్రూపులో ఉన్నాడా అన్నది చూసుకోవాలి.

ఎండా గాలీ

మన ప్రాంతంలో సౌర కేంద్రమొక్కటే చూడడం అలవాటైపోయింది. గాలిమరలు ఈ జిల్లాలకు కొత్త కాదు, తిరుమల కాకులకొండ మీదివి కింది నుంచి చూసినవారికి తెలుసు. రాయలసీమలో గాలి బలంగా వీచేది నైరుతి రుతుపవనాల కాలంలో, అంటే మబ్బుల వల్ల సౌర ఉత్పత్తి కొంత తగ్గే నెలల్లోనే. గుజ్జు కర్మాగారాలు రాత్రింబవళ్లు నడిచేదీ అదే కాలం. గాలి రాత్రి కూడా వీస్తుంది గనుక సౌర, పవన మిశ్రమ కేంద్రంలో చేరిన సీజన్ పరిశ్రమకు పైన చెప్పిన ఇబ్బంది చాలావరకు తగ్గుతుంది. మన జిల్లాల్లో అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలు వర్షాలు కురిపిస్తాయి. కేంద్రం ఈ జిల్లాల్లోనే ఉంటే ఆ నెలల్లో సౌర ఉత్పత్తి పడిపోతుంది. అనంతపురం వైపు వర్షం తక్కువ గనుక కేంద్రం అక్కడ ఉంటే ఆ తేడా కొంత తగ్గుతుంది. దగ్గరలో ఉంటే మంచిదన్న భావన భూమి విషయంలో సరే గాని, కరెంటు విషయంలో అంత పట్టించుకోవలసింది కాదు.

రేటు పోల్చే పద్ధతి

ప్రతినిధి చెప్పే ధర కేంద్రం గేటు దగ్గరి ధర. మన మీటరు దగ్గరి ధర వేరు. ఉదాహరణకు కేంద్రం దగ్గర యూనిట్ 4 రూపాయలు, దారి నష్టాలు 8 శాతం అనుకుంటే, మన దగ్గరకు చేరిన యూనిట్ ధర 4 రూపాయల 35 పైసలవుతుంది. దానికి వీలింగ్, ట్రాన్స్‌మిషన్, బ్యాంకింగ్, షెడ్యూలింగ్ ఖర్చులు కలపాలి. నష్టాల శాతం వోల్టేజీని బట్టి మారుతుంది. మన దగ్గర 1500 కేవీఏ వరకు కాంట్రాక్ట్ డిమాండ్ (డిస్కంతో ఒప్పుకున్న గరిష్ట లోడు) ఉన్న సర్వీసులు సాధారణంగా 11 కేవీ మీద ఉంటాయి, అంతకు మించినవి 33 కేవీ లేదా ఇంకా పై వోల్టేజీ మీద. 33 కేవీ సభ్యుడికి గిట్టుబాటైన ఒప్పందం 11 కేవీ సభ్యుడికీ అంతే గిట్టుతుందని అనుకోకూడదు. ఒకే గ్రూపులో ఇద్దరూ ఉంటే ఇద్దరికీ వేర్వేరు లెక్క వేయించాలి.

ఎదుటి వైపు డిస్కం ధరను కూడా సరిగ్గా తీసుకోవాలి. ఇక్కడ చాలామంది పొరబడతారు. బిల్లు మొత్తాన్ని యూనిట్లతో భాగించి వచ్చిన సగటును పోలికకు పెడతారు. ఆ సగటులో డిమాండ్ ఛార్జీలు కూడా ఉంటాయి. కరెంటు బయటి నుంచి తెచ్చుకున్నా కాంట్రాక్ట్ డిమాండ్ తగ్గించుకోనంతవరకు అవి కట్టవలసిందే. ఆదా అయ్యేది ఎనర్జీ ఛార్జీ, దాని మీద పడే సర్దుబాటు ఛార్జీలు మాత్రమే. పైగా 2023లో కేంద్ర ప్రభుత్వం చేసిన సవరణ ప్రకారం పరిశ్రమలకు, వాణిజ్య సంస్థలకు సౌర వేళల్లో టారిఫ్ సాధారణ ధరకన్నా కనీసం 20 శాతం తక్కువగా, పీక్ వేళల్లో కనీసం 20 శాతం ఎక్కువగా ఉండాలి. అంటే సౌర కేంద్రం మనకు ఆదా చేసిపెట్టేది డిస్కం చౌకగా ఇచ్చే యూనిట్లనే. సాయంత్రం యాత్రికులతో గదులు నిండే హోటల్‌కు ఈ విషయం మరీ ముఖ్యం. దాని వాడకం పెరిగేది ఎండ పోయాక. అలాంటి హోటల్‌కు పైకప్పు మీద సోలార్ వాటర్ హీటరు, ఉన్నంతలో నెట్ మీటరింగ్ ముందు. గ్రూప్ క్యాప్టివ్‌లో చేరితే గాలి భాగం ఉన్న కేంద్రంలో చేరడం మేలు. గ్రానైట్ యూనిట్లు పగలు ఎక్కువగా నడిపితే సౌర గ్రూపుకు బాగా పనికొస్తాయి, అయితే ఆర్డర్లు తగ్గిన ఏడాది వాటి వాడకం ఒక్కసారిగా పడిపోతుంది గనుక వాటికి కొద్ది వాటాయే మంచిది.

సహకార సంఘం మార్గం గురించి రెండు మాటలు. నమోదైన సహకార సంఘం కేంద్రం పెట్టుకుంటే 26, 51 శాతాల షరతులను సభ్యులంతా కలిసి నెరవేర్చాలని నిబంధన చెబుతుంది. కంపెనీల గ్రూపుకు పెట్టిన వాటా దామాషాను సంఘానికి పెట్టలేదు. కుప్పంలో గ్రామీణ విద్యుత్ సహకార సంఘం పంపిణీ నడిపిన చరిత్ర ఉన్న జిల్లా మనది, కాబట్టి ఆ ఆలోచన మనవాళ్లకు వింతగా తోచదు. పాల ఉత్పత్తిదారుల సంఘాలు, చిన్న యూనిట్ల సమాఖ్యలు దీన్ని పరిశీలించదగినదే. కాకపోతే సంఘానికి అప్పిచ్చే బ్యాంకు దొరకడం, నిపుణులైన నిర్వాహకులు దొరకడం కంపెనీకి దొరికినంత సులభం కాదు. సభ్యులు ఒకరినొకరు బాగా ఎరిగిన చోట తప్ప దీన్ని సూచించను.

లోడు విషయానికి వస్తే, క్యాప్టివ్‌లో చేరడానికి 100 కిలోవాట్ల కనీస పరిమితి లేదు. అయినా చిన్న సంస్థలు ఆగి ఆలోచించాలి. 15 నిమిషాల చొప్పున నమోదు చేసే ప్రత్యేక మీటరు, ఆడిటరు ధ్రువీకరణ, ఏటా సమర్పించవలసిన వివరాలు అన్నీ లోడు చిన్నదైనా అవే ఉంటాయి. నెలకు పాతిక వేల యూనిట్లలోపు వాడే సంస్థ పైకప్పుతో సరిపెట్టుకుంటే మేలని నా అంచనా.

సంతకానికి ముందు

గ్రూపు నిజంగా కుదురుతుందో లేదో తేల్చుకోవడానికి పెద్ద సలహాదారు అవసరం లేదు. ప్రతి సభ్యుడూ గత 24 నెలల బిల్లులు బయటపెట్టి, నెలనెలా యూనిట్లను ఒకే కాగితం మీద పక్కపక్కన రాసుకుంటే సగం విషయం తెలుస్తుంది. మిగతా సగం హెచ్‌టీ (హై టెన్షన్) మీటరులో నిక్షిప్తమైన 15 నిమిషాల వివరాల్లో ఉంటుంది. మనకు కరెంటు ఇచ్చే దక్షిణ డిస్కం (ఏపీఎస్పీడీసీఎల్) ప్రధాన కార్యాలయం తిరుపతిలోనే ఉండటం మన అదృష్టం, దరఖాస్తు చేసి ఆ వివరాలు తెప్పించుకోవచ్చు. తన బిల్లులు చూపించడానికి సంకోచించే సభ్యుణ్ణి మొదట్లోనే వదులుకోవడం మంచిది.

ఒప్పందంలో తప్పక చదవవలసిన క్లాజులు కొన్నే. వాడినా వాడకపోయినా ఇంత శాతం యూనిట్లకు డబ్బు కట్టాలన్న నిబంధన ఎంత శాతం దగ్గర ఉంది, క్యాప్టివ్ అర్హత ఏదైనా ఒక ఏడాది పోతే ఆ ఏడాది సర్‌ఛార్జి ఎవరు కట్టాలి, ఒక సభ్యుడు తక్కువ వాడినందువల్ల అర్హత పోయినా భారం అందరి మీదా పడుతుందా, నిబంధనలు మారితే ధర ఎలా సర్దుతారు అన్నవి ముందుగా తేల్చుకోవాలి. అర్హత పోయిన ఏడాది ఉత్పత్తి మొత్తాన్ని మూడో పక్షపు అమ్మకంగా చూస్తారు గనుక, ఇక్కడ ఒక్క వాక్యం అస్పష్టంగా ఉన్నా అది ఐదేళ్ల ఆదాను తినేయగలదు. క్యాప్టివ్ నిబంధనలు సవరణలకు లోనవుతూనే ఉంటాయి, సంతకం పెట్టే రోజు అమల్లో ఉన్న పాఠాన్నే న్యాయవాది చేత చదివించాలి.

అన్నిటికన్నా తక్కువ చర్చ జరిగేది సభ్యుడు బయటకు వెళ్లే పద్ధతి గురించి. ఒప్పందం పదిహేను, ఇరవై ఐదేళ్లది. అంత కాలంలో ఒక కళాశాల మూతపడవచ్చు, ఒక కర్మాగారం చేతులు మారవచ్చు. వెళ్లేవాడి వాటాను ఏ ధరకు, ఎన్ని నెలల్లోగా, ముందుగా ఎవరికి ఇవ్వాలి, కొత్తగా వచ్చేవాడి నెలవారీ వాడకాన్ని మిగిలిన సభ్యులు చూసి ఆమోదించే హక్కు ఉంటుందా లేక ఆ నిర్ణయం కేంద్రం యజమాని ఒక్కడిదేనా అన్నది రాతపూర్వకంగా ఉండాలి. ఆ హక్కు సభ్యుల చేతిలో లేకపోతే పాల కేంద్రం ఖాళీ చేసిన చోట మరో గుజ్జు కర్మాగారం వచ్చి కూర్చోవచ్చు, ఆ ఏప్రిల్ నుంచి లెక్క మళ్లీ మొదటికి వస్తుంది.